రేడియో సిలోన్ నుంచి సెల్‌ఫోన్ దాకా: ఒక రాక్ సంగీత శ్రోత చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం రాసివ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను వేతన సవరణ సంఘాల చరిత్ర గురించో, కరువు భత్యం బకాయిల గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. ఆ సంగతులు నాకంటే బాగా రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. 1971లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసేదాకా ఆఫీసులో నేను ఎవరికీ పెద్దగా చెప్పని విషయం ఒకటి ఉంది. సుమారు అరవై ఏళ్ళుగా నేను పాశ్చాత్య రాక్ సంగీతం వింటున్నాను. డెస్పాచ్ సెక్షన్లో తపాలా రిజిస్టరు రాసుకునే మనిషికి ఇదేం పిచ్చి అంటారని అప్పట్లో భయం. ఇప్పుడు డెబ్బై అయిదేళ్ళు వచ్చాక భయపడేదేముంది?

నీకు ఇష్టమైన బ్యాండు ఏది అని నన్ను ఎవరైనా అడిగితే, పదేళ్ళకొక జవాబు చెప్పాను. బీటిల్స్ అన్నాను, డీప్ పర్పుల్ అన్నాను, పింక్ ఫ్లాయిడ్ అన్నాను. నా అభిరుచి పెరుగుతోంది కాబట్టి జవాబు మారుతోందని గర్వంగా అనుకునేవాణ్ణి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, అందులో నా గొప్ప తక్కువే. ఇంట్లో ఏ యంత్రం ఉంది, వింటున్నప్పుడు పక్కన ఎవరున్నారు అన్న ఈ రెండు సంగతులే నా ఇష్టాన్ని చాలావరకు నిర్ణయించాయి. అదెలాగో మనవి చేస్తాను.

మూడు నిమిషాల పాట

ముందు మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన విజయనగరంలో బడిపంతులు. కుర్రతనంలో ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ విన్నవారు. కాళ్ళకు గజ్జెలు కట్టి దాసుగారు కథ చెబుతుంటే తెల్లవారేదాకా జనం కదిలేవారు కారట. 1945లో దాసుగారు పోయారు. తర్వాత మా నాన్నగారికి దొరికింది పక్కవీధి వకీలుగారింట్లో గ్రామఫోను. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు ఒక వైపు మూడు, మహా అయితే నాలుగు నిమిషాలు. రాత్రంతా వినే అలవాటున్న మనిషి మూడు నిమిషాల పద్యానికి సర్దుకోవలసి వచ్చింది. "హోటల్లో శాంపిల్ రుచి చూపించి పళ్ళెం తీసేసినట్టుంది" అనేవారు. వినే పరికరం మారితే వినే పద్ధతి మారడం మా ఇంట్లో నాతో మొదలు కాలేదన్నమాట.

పాట మూడు నిమిషాలుండాలన్న లెక్క కూడా ఆ పళ్ళెం కొలతలోంచి పుట్టిందే. అమెరికాలో నల్లజాతివారి బ్లూస్ సంగీతం, పల్లెల్లోని తెల్లవారి పాటలు కలిసి, ఎలక్ట్రిక్ గిటారు తోడై, 1950లలో రాక్ అండ్ రోల్ అయింది. 1955లో బిల్ హేలీ పాట 'రాక్ అరౌండ్ ద క్లాక్' దేశదేశాల కుర్రకారును ఊపింది. ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ వచ్చారు. వారి పాటలన్నీ రెండున్నర మూడు నిమిషాలే. 1977లో అమెరికావారు వోయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు పూత రికార్డులో చక్ బెర్రీ పాట 'జానీ బి. గుడ్' ఉంది, మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవీ ఉంది. మనవాళ్ళు ఒకరి పక్కన ఒకరిని కూర్చోబెట్టని ఆ ఇద్దరూ నేటికీ ఒకే పళ్ళెం మీద నక్షత్రాల మధ్య ప్రయాణిస్తున్నారు.

రేడియో సిలోన్ రోజులు

నాకు రాక్ సంగీతం పరిచయమైంది 1965 ప్రాంతంలో. మా పక్కింటివారి వాల్వుల రేడియోలో కొలంబో నుంచి రేడియో సిలోన్ వచ్చేది. 1952లో కేంద్ర మంత్రి కేస్కర్‌గారు ఆకాశవాణిలో సినిమా పాటలకు కళ్ళెం వేయడంతో దేశమంతా సిలోన్ వైపు మళ్ళింది. దాన్ని చూసి మనవాళ్ళు 1957లో వివిధ భారతి ప్రారంభించారు. అయితే ఇంగ్లీషు పాటల కోసం మాత్రం మాకు సిలోనే గతి. రేడియోకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టే రోజులవి. పక్కింటివారు లైసెన్సు కట్టేవారు, మేము గోడకు చెవి ఆనించేవాళ్ళం.

షార్ట్‌వేవ్ సంగతి మీకు తెలియనిది కాదు. శబ్దం అలలాగా పెరిగి తగ్గేది. ఒక పాట సగంలో కరకరమని మాయమైపోయేది. అది మళ్ళీ ఎప్పుడు వేస్తారో తెలియదు. బీటిల్స్ పాట ఒకటి పూర్తిగా వినడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒక వారం మొదలు, ఒక వారం నడుమ, ఒక వారం ముగింపు. ఆ మూడు ముక్కలూ మనసులో అతికించుకున్నాను. ఆ రోజుల్లో నాకు బీటిల్సే ఇష్టం ఎందుకయ్యారంటే, సిలోన్‌వారు ఎక్కువగా వేసినది వారి పాటలు. చిన్న స్పీకరులో, ఆ గరగరలో కూడా తెలిసిపోయే వరస వారిది. పెద్ద శబ్దంతో నడిచే బ్యాండ్లు ఆ రేడియోలో నాకు గొడవలాగే వినబడేవి.

లివర్‌పూల్ ఓడరేవుకు చెందిన ఆ నలుగురు కుర్రాళ్ళ తొలి రికార్డు 1962 అక్టోబరులో వచ్చింది. 1968 ఫిబ్రవరిలో వారు మహేశ్ యోగి దగ్గర ధ్యానం నేర్చుకోవడానికి రిషీకేశ్ వచ్చారు. పత్రికల్లో ఫోటోలు చూసి మా నాన్నగారు, "వీళ్ళేనా నువ్వు గోడకు చెవి పెట్టి వినేది?" అన్నారు. రింగో స్టార్ మన మసాలా వంట పడక పదిరోజులకే వెళ్ళిపోయాడని తెలిసి చాలాసేపు నవ్వారు. జార్జి హారిసన్ మన పండిట్ రవిశంకర్ దగ్గర సితారు నేర్చుకున్నాడంటే మాత్రం ఆయన నవ్వలేదు. "గురువును వెతుక్కుని వచ్చాడు, మంచి కుర్రాడే" అన్నారు.

పెద్ద రికార్డు తెచ్చిన మార్పు

1971లో ఉద్యోగరీత్యా విశాఖపట్నం వచ్చాను. మా ఆఫీసులోనే టైపిస్టుగా ఒక ఆంగ్లో ఇండియన్ మిత్రుడు ఉండేవాడు. వాళ్ళ నాన్న రైల్వే గార్డు. వాల్తేరు రైల్వే క్వార్టర్సులో ఉండేవారు. వాళ్ళింట్లో రికార్డు ప్లేయరు ఉంది. శనివారం సాయంత్రం ఆఫీసు వదలగానే సైకిళ్ళ మీద అక్కడికి చేరేవాళ్ళం. వాళ్ళ అమ్మగారు కేకు పెట్టేవారు, నేను శాకాహారినని గుర్తుంచుకుని గుడ్డు లేకుండా విడిగా చేసేవారు.

అక్కడ నాకు ఎల్.పి. రికార్డు పరిచయమైంది. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో దీన్ని తెచ్చింది. నిమిషానికి 33⅓ చుట్లు. ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా. ఎల్.పి.లు మొదట్లో శాస్త్రీయ సంగీతానికీ నాటకాలకూ ఎక్కువగా ఉపయోగపడ్డాయి. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' తెచ్చిన తర్వాత రాక్ బ్యాండ్లు కూడా రికార్డు మొత్తాన్ని ఒక కావ్యంలాగా కూర్చడం ఎక్కువైంది. మూడు నిమిషాల సంకెల తెగింది. లెడ్ జెప్లిన్ వారి 'స్టెయిర్‌వే టు హెవెన్' ఎనిమిది నిమిషాలు. పాట ఎక్కడో ఏటిగట్టు మీద నెమ్మదిగా మొదలై తుఫానుతో ముగుస్తుంది. మా నాన్నగారు పోగొట్టుకున్న నిడివి నాకు దొరికింది.

డీప్ పర్పుల్ వారి 'స్మోక్ ఆన్ ద వాటర్' కథ కూడా ఆ మిత్రుడే చెప్పాడు. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంత్రో పట్టణంలో వేరొకరి కచేరీ జరుగుతుండగా, ప్రేక్షకుల్లో ఎవరో నిప్పురవ్వల తుపాకీ పేల్చడంతో కాసినో భవనం కాలిపోయింది. అక్కడే రికార్డింగు చేసుకోవడానికి వచ్చిన డీప్ పర్పుల్ బృందం, సరస్సు మీద పొగ కమ్ముకోవడం చూసి ఆ పాట కట్టింది. ఈనాటికీ గిటారు పట్టిన కుర్రవాడు మొదట వాయించేది ఆ నాలుగు స్వరాలే. ఆ పొడుగాటి స్పీకరు పెట్టెలు లేకపోతే నేను డీప్ పర్పుల్ అభిమానిని అయ్యేవాణ్ణి కాదు. రేడియోలో గొడవ అనిపించినదే అక్కడ గుండెకు తగిలింది.

ఒకసారి మా నాన్నగారిని కూడా తీసుకువెళ్ళాను. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో హారిసన్, రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీ రికార్డు పెట్టాం. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లారఖా ముందుగా వాద్యాలు శ్రుతి చేసుకుంటారు. అదే సంగీతమనుకుని వేలాది జనం చప్పట్లు కొడతారు. శ్రుతే ఇంతగా నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందేమోనని రవిశంకర్ చమత్కరిస్తారు. మా నాన్నగారు ఆ చోట మళ్ళీ పెట్టమని రెండుసార్లు అడిగి విన్నారు. మా మిత్రుడి తల్లిగారికి వచ్చీరాని ఇంగ్లీషులో శ్రుతి అంటే ఏమిటో వివరించారు. ఆ సాయంత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఒక క్యాసెట్టు కథ

ఇక్కడి నుంచి నా స్వంత పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఈ వ్యాసం రాయడానికి నిజమైన కారణం అదే.

హాలెండుకు చెందిన ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టును ప్రవేశపెట్టింది. మన ఇళ్ళలోకి రావడానికి మరో పది పదిహేనేళ్ళు పట్టింది. ఓడలో పనిచేసే మా మేనమామగారు 1977లో నాకు జపాను టేపు రికార్డరు ఒకటి తెచ్చిపెట్టారు. దానితోపాటు ఒకే ఒక ఖాళీ క్యాసెట్టు, సి-60, అంటే ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు. ఆ దసరాకు మా నాన్నగారిని కూర్చోబెట్టి, పోతనగారి గజేంద్ర మోక్షం పద్యాలు గంటసేపు చదివించి రికార్డు చేశాను. ఆయనకు అప్పటికి అరవై దాటింది. గొంతు కంచులాగా ఉండేది. తన గొంతు తాను మొదటిసారి విని, "ఇది నేనేనా?" అని సిగ్గుపడ్డారు.

1978లో మా టైపిస్టు మిత్రుడి కుటుంబం ఆస్ట్రేలియాకు వలస వెళ్ళింది. ఆ రోజుల్లో చాలా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అలాగే వెళ్ళిపోయాయి. సామాను కట్టేసే ముందు రాత్రి అతను రికార్డు ప్లేయరు, ఒక రికార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "తెల్లవారేలోగా ఎక్కించుకో, పొద్దున్న తీసుకుపోతాను" అన్నాడు. అది పింక్ ఫ్లాయిడ్ వారి 1975 నాటి 'విష్ యూ వర్ హియర్'. రాత్రి తొమ్మిదైంది. దుకాణాలు మూసేశారు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే.

నేను దాని మీదే ఎక్కించాను.

స్పీకరు ముందు టేపు రికార్డరు పెట్టి, అందరినీ మాట్లాడవద్దని చెప్పి మొదలుపెట్టాను. ఆ రికార్డులో మొదటి పాటలో గొంతు వినిపించడానికి ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. అందాకా వాద్యాలే. అయిదారు నిమిషాలు గడిచాక మంచినీళ్ళకోసం లేచిన మా నాన్నగారు గుమ్మంలో నిలబడి, "వీళ్ళు పాట ఎప్పుడు మొదలుపెడతార్రా?" అన్నారు. నేను చేత్తో ఆగమన్నాను. ఆయన ఇంకాస్త విని, "ఓహో, ఆలాపనా!" అని వెళ్ళి పడుకున్నారు. ఆ రెండు మాటలూ టేపులోకి ఎక్కాయి. పాట పాడయిపోయిందని నాకు లోపల కోపం వచ్చింది.

మర్నాడు సంగతి చెప్పాను. ఆయన ఒక్క క్షణం చూసి, "పోనీలేరా, మళ్ళీ చదువుతాను. వచ్చే దసరాకి కూర్చుందాం" అన్నారు. వచ్చే దసరాకు మా చెల్లెలి పెళ్ళి పనులు. ఆ పై దసరాకు ఆయనకు దగ్గు. ఆ పైది నాకు ఆడిట్. ఖాళీ క్యాసెట్టు కొని బీరువాలో పెట్టాను కూడా. 1981 వేసవిలో ఆయన పోయారు. ఆ క్యాసెట్టుకు చుట్టిన కాగితం అప్పటికీ విప్పలేదు.

కర్మకాండలన్నీ అయిన తర్వాత ఒకనాడు ఆ పింక్ ఫ్లాయిడ్ టేపు పెట్టాను. ఎల్.పి. ఒక వైపు ఇరవై ఒక్క నిమిషాలు, క్యాసెట్టు ఒక వైపు ముప్ఫై నిమిషాలు. ఇన్నాళ్ళూ పాట అయిపోగానే ఆపేసి టేపు తిరగేసేవాణ్ణి. ఆ రోజు ఆపడానికి చెయ్యి లేవలేదు. టక్కుమని శబ్దం వచ్చి, పద్యం నడుమ నుంచి మా నాన్నగారి గొంతు మొదలైంది. తొమ్మిది నిమిషాలు. రెండో వైపున పాటలు ఇరవై మూడు నిమిషాలు, చివర మరో ఏడు నిమిషాలు ఆయన. గంట పద్యాల్లో నాకు మిగిలినది ఆ పదహారు నిమిషాలు.

ఆ రికార్డు పేరుకు అర్థం 'నువ్విక్కడ ఉంటే బాగుండేది' అని. పింక్ ఫ్లాయిడ్ బృందాన్ని మొదలుపెట్టినవారిలో ఒకడైన సిడ్ బారెట్ మానసికంగా దెబ్బతిని 1968లో బృందానికి దూరమయ్యాడు. అతణ్ణి తలచుకుని కట్టిన పాటలు అందులో ఉన్నాయి. 1975 జూన్‌లో ఆ పని జరుగుతుండగా, ఒళ్ళు పెరిగి, జుట్టూ కనుబొమలూ గొరిగించుకున్న ఒక మనిషి లండన్ స్టూడియోలోకి వచ్చి కూర్చున్నాడట. అతనే బారెట్ అని పాత మిత్రులు చాలాసేపటిదాకా గుర్తుపట్టలేకపోయారు. ఈ సంగతి నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికే పింక్ ఫ్లాయిడ్ నాకు అన్నింటికంటే ఇష్టమైన బ్యాండు. అందులో వారి ప్రతిభ ఎంత, ఆ టేపు చివరి నిమిషాలు ఎంత అంటే చెప్పలేను.

మా అబ్బాయి వంతు

1979లో సోనీ వాక్‌మన్ వచ్చింది. చెవిలో పెట్టుకుని ఒక్కరే వినడం మొదలైంది. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చింది. డైర్ స్ట్రెయిట్స్ వారి 1985 నాటి 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' డిస్కు రూపంలో పది లక్షలు అమ్ముడైన తొలి ఆల్బమ్ అంటారు. నాకు మాత్రం అది క్యాసెట్టుగానే దొరికింది. 1991లో స్టార్ టి.వి.తోపాటు ఎమ్.టి.వి. ఇంట్లోకి వచ్చింది. మా అబ్బాయి మెటాలికా, నిర్వాణా అని కొత్త పేర్లు చెప్పసాగాడు. నిర్వాణా పేరు చూసి భజన బృందమేమో అనుకున్నాను. పెట్టి వినిపించాడు. "ఇదేం సంగీతంరా, అరుపులు" అన్నాను. అన్న తర్వాత నాకే సిగ్గేసింది. రేడియో ముందు కూర్చున్న నాతో మా నాన్నగారు ఆ మాట ఏనాడూ అనలేదు.

1994 ఏప్రిల్‌లో నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ ఇరవై ఏడేళ్ళ వయసులో ప్రాణం తీసుకున్నాడు. మా అబ్బాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అతనికి ఏం చెప్పాలో తెలియక, ఆ ఏడాది చివర వచ్చిన నిర్వాణా 'అన్‌ప్లగ్డ్' క్యాసెట్టు కొనితెచ్చి, ఇద్దరం కలిసి విన్నాం. పెద్ద శబ్దాలు పక్కనపెట్టి, తేలిక వాద్యాలతో, కూర్చుని పాడిన పాటలవి. అరుపుల వెనక ఉన్నది మంచి వరసేనని అప్పుడు తెలిసింది. అందులోని ఆఖరి పాట నాకు ఇప్పటికీ చాలా ఇష్టం. అబ్బాయి పక్కన లేకపోతే ఆ బృందం వైపు నేను చూసేవాణ్ణి కూడా కాదు.

2003 ఏప్రిల్ 4న బెంగుళూరు ప్యాలెస్ మైదానంలో రోలింగ్ స్టోన్స్ కచేరీ. వారు మన దేశంలో పాడటం అదే మొదలు. అబ్బాయి అప్పటికి అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. టిక్కెట్లు కొన్నానని ఫోను చేశాడు. ఆఫీసులో నాలుగు రోజులు ఆర్జిత సెలవు పెట్టి, కారణం దగ్గర 'కుటుంబ వ్యవహారం' అని రాశాను. మిక్ జాగర్‌కు అప్పటికి అరవై నిండటానికి దాదాపు నాలుగు నెలలు. నాకంటే ఏడేళ్ళు పెద్దవాడు. ఆ వేదిక మీద అతను పరుగెత్తుతుంటే, వచ్చే అయిదేళ్ళలో రిటైరవుతున్నానని దిగులుపడుతున్న నాకు ధైర్యం వచ్చింది.

అంతా దొరికిన తర్వాత

1999లో నాప్‌స్టర్‌తో పాటలు కంప్యూటర్ల మధ్య ఉచితంగా తిరగడం మొదలైంది. 2019లో స్పాటిఫై మన దేశానికి వచ్చింది. మా మనవడు నా సెల్‌ఫోనులో అది పెట్టి, "తాతా, ఇందులో అన్నీ ఉన్నాయి" అన్నాడు. నిజమే, అన్నీ ఉన్నాయి. పూర్వం మూడు వారాలకు ఒక పాట పూర్తయిన నాకు, ఇప్పుడు మూడు నిమిషాల్లో పది పాటలు దొరికాయి. కాని పదింటిలో ఒక్కటీ చివరిదాకా వినలేదు. ఒకటి మొదలవగానే మరొకటి గుర్తుకొచ్చి వేలు అటు పోతుంది. అక్కడ ముప్ఫై సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు లెక్క కడతారట. ఎనిమిదిన్నర నిమిషాల ఆలాపన పెట్టే ధైర్యం ఇప్పటి కుర్రాళ్ళకు ఎలా వస్తుంది? పాటను మళ్ళీ గడియారమే కొలుస్తోంది. మా నాన్నగారు చెప్పిన పళ్ళెం మాట గుర్తొచ్చింది. ఇప్పుడు పళ్ళేలు లెక్కలేనన్ని, తీసేసేది మాత్రం మనమే.

ఇంకొక సంగతి కూడా జరిగింది. డెబ్బై దాటాక పాత పాటల్లో తాళాల గలగల వినిపించడం మానేసింది. ఫోను మంచిది కాదనుకున్నాను. కొత్తగా శుభ్రం చేసి విడుదల చేసినవారిది తప్పనుకున్నాను. చెవుల డాక్టరుగారు పరీక్ష చేసి, సన్నని శబ్దాలు అందించే లోపలి కణాలు తగ్గిపోయాయని, అవి మళ్ళీ పుట్టవని చెప్పారు. ఈ సంగీతం వాయించినవారికీ ఇది తప్పలేదు. ద హూ బృందంలోని పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతిన్న సంగతి ఎన్నోసార్లు బయటపెట్టాడు. ఏసీ/డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో డాక్టర్ల మాట మీద యాత్ర నడుమ ఆగిపోయాడు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. వినికిడి యంత్రం పెట్టుకోవడానికి నామోషీ పడి ఏడాది వృథా చేశాను. మీరు ఆ పని చేయకండి. కళ్ళజోడుకు లేని నామోషీ దీనికెందుకు?

ఇప్పుడు నేను వినేది తక్కువ. హారిసన్ ఒంటరిగా చేసిన పాటలు వింటాను. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్, ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించినవి వింటాను. మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి రాక్, జాజ్ కలిపి ఉరుములు కురిపించినవాడు. అంతటివాడు శ్రీనివాస్ చిన్న మాండలిన్ ముందు శ్రద్ధగా కూర్చుని వింటాడు. శ్రీనివాస్ 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోవడం మన దురదృష్టం. ఆ ఇద్దరినీ మా నాన్నగారు విని ఉంటే, ఇది నీదిరా, ఇది నాదిరా అని పంచుకునే పని లేకుండా పోయేది.

మనవడి ప్రశ్న

కిందటి సంక్రాంతికి మా మనవడు నా పాత క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ టేపు దగ్గరకు వచ్చేసరికి నన్ను పిలిచాడు. "తాతా, ఈ పాట మధ్యలో ఎవరో మాట్లాడారు. చివర ఏవో పద్యాలు కూడా ఉన్నాయి. అవి తీసేసి పాట మటుకు శుభ్రం చేసి ఇవ్వనా?" అన్నాడు.

శుభ్రమైన పాట ఫోనులో ఉంది కదా, దీన్ని ఇలాగే ఉంచమన్నాను. అవి ఎవరి మాటలో చెప్పాను. వాడు మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. "పాట ఎప్పుడు మొదలుపెడతార్రా" అన్న చోట వాడు నవ్వాడు. చివరి తొమ్మిది నిమిషాలూ కదలకుండా విన్నాడు. పద్యం అర్థం అడిగాడు. నాకు వచ్చినంత చెప్పాను. ఒకచోట నాకూ తెలియలేదు, నిఘంటువు తీశాం.

సభ్యులందరికీ నేను మనవి చేసేది ఒకటే. మీ ఇంట్లో పాటో, పద్యమో, మంగళహారతో వచ్చిన పెద్దలు ఇంకా ఉంటే ఈ వారమే రికార్డు చేయండి. మనలో పెద్దలు లేనివారు మనమే పెద్దలం కాబట్టి మన గొంతే రికార్డు చేయిద్దాం. ఇప్పుడు ఖాళీ క్యాసెట్టు కొననక్కరలేదు, ఒకదాని మీద ఒకటి చెరపనక్కరలేదు. సెల్‌ఫోను జేబులోనే ఉంది. వచ్చే దసరాకు అని మాత్రం అనుకోవద్దు.

బీరువాలో నేను కొని పెట్టిన ఆ కొత్త క్యాసెట్టు ఇంకా అలాగే ఉంది. మనవడు దాని మీద కాగితం విప్పబోతే వద్దన్నాను.

సెలవు.